కాలవ గట్టున పాతే లైటు స్తంభాన్ని ముందు కంప్యూటర్లో గుద్దించి చూడండి: గోదావరి జిల్లాల ఇంజినీర్లకు బహిరంగ లేఖ

రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, మున్సిపాలిటీలు, జాతీయ రహదారులు, డిస్కం, ఇలా గోదావరి డెల్టాలో రోడ్డు పక్కన లైటు స్తంభం ఎక్కడ పాతాలో, ఎలాంటిది పాతాలో నిర్ణయించే ఇంజినీర్లందరికీ నమస్కారం అండి.

ఒక్క విషయం అడగడానికి రాస్తున్నాను. ఇకమీదట వీధి దీపాలకు టెండర్ పిలిచేటప్పుడు, ఆ స్తంభాన్ని కారు గుద్దితే ఏమవుతుందో, గుద్దిన తర్వాత ఆ కారు ఎక్కడికి పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చూపించమని అడగండి. ఇందులో రెండో సగం చాలా ముఖ్యం. ఎందుకంటే మన దగ్గర స్తంభం వెనక చాలాచోట్ల నేల ఉండదు, కాలవ ఉంటుంది, లేదంటే చేపల చెరువు ఉంటుంది.

నాది కోనసీమ. కార్ల కంపెనీలకు క్రాష్ సిమ్యులేషన్, అంటే ఢీని కంప్యూటర్లో లెక్కగట్టి చూసే పని, చేసిపెట్టే ఉద్యోగం. కారు దేన్నయినా గుద్దినప్పుడు ముందు భాగం ఎలా నలగాలి, బెల్టు ఎప్పుడు బిగుసుకోవాలి, లోపలి మనిషి ఛాతీ మీద ఎంత బలం పడుతుంది, ఇవే రోజూ చూసే లెక్కలు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ అని కార్లకు స్టార్లు ఇస్తున్నారు కదా, అందులో ఒక పరీక్షలో కారుని పక్కవాటంగా జరిపి 254 మిల్లీమీటర్ల మందమున్న ఇనుప స్తంభానికి గంటకు 29 కిలోమీటర్ల వేగంతో కొట్టిస్తారు. స్తంభం కదలదు, వంగదు. తట్టుకోవాల్సిందంతా కారే. కారు తయారుచేసేవాడికి స్తంభంతో పరీక్ష పెట్టిన మనం, స్తంభం తయారుచేసేవాడికి కారుతో పరీక్ష ఎందుకు పెట్టకూడదు? సెలవులకి ఇంటికొచ్చి రాత్రిపూట గట్టు రోడ్డు మీద వెళ్లిన ప్రతిసారీ ఈ ప్రశ్నే వస్తుంది, ఎవరో ఒకరు మిమ్మల్ని నేరుగా అడగాలి కాబట్టి నేనే అడుగుతున్నాను.

ముందు ఢీ సంగతి చెబుతాను. 900 కిలోల చిన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కదలని స్తంభాన్ని గుద్దిందనుకోండి. ముందు భాగం అర మీటరు నలిగి ఆగితే సగటున 28 జీలు, అంటే కారు బరువుకి 28 రెట్లు, కారుకీ స్తంభానికీ మధ్య సుమారు 25 టన్నుల బలం. అదే స్తంభం వంగుతూ వంగుతూ 5 మీటర్ల దూరం తీసుకుని కారుని ఆపిందంటే 3 జీలు కూడా ఉండదు, బెల్టు పెట్టుకున్న మనిషి తలుపు తీసుకుని దిగి ఇంటికి ఫోన్ చేసుకుంటాడు. బరువూ అదే, వేగమూ అదే, మారింది ఆగిన దూరం ఒక్కటే. పైగా స్తంభం సన్నగా ఉంటుంది కాబట్టి గోడని గుద్దినదానికంటే ఇది ఘోరం. కారు ముందు దెబ్బని మింగడానికి పెట్టే రెండు ఉక్కు దూలాలు ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి ఉంటాయి. స్తంభం ఆ రెండిటి మధ్యలోకి దూరితే వాటికి పని పడదు, ఇంజిన్ని నెట్టుకుంటూ డాష్‌బోర్డు వైపు వస్తుంది. కొత్త కార్లకే ఇది గడ్డు పరీక్ష. ఎయిర్‌బ్యాగుల్లేని పాత చిన్న కార్లు మన ఊళ్లలో ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో మీకూ తెలుసు.

దీనికి విరుగుడు ప్రపంచానికి ఎప్పుడో తెలుసండి. 1960ల్లోనే అమెరికాలో టెక్సాస్ పరిశోధకులు స్లిప్ బేస్ అనే పద్ధతి తెచ్చారు. స్తంభం అడుగున రెండు పలకలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, అంచుల్లో గాడులు కోసి బోల్టులు బిగిస్తారు, కారు తగలగానే బోల్టులు ఆ గాడుల్లోంచి జారి బయటికొచ్చేస్తాయి, స్తంభం లేచిపోతుంది, కారు కిందనుంచి వెళ్లిపోతుంది. నేల మీద మిగిలే మొదలు 100 మిల్లీమీటర్లు దాటకూడదని కూడా అక్కడ నియమం, లేకపోతే కారు అడుగు దానికి చిక్కుకుంటుంది. యూరప్‌లో ఈఎన్ 12767 అనే ప్రమాణం ఉంది. 900 కిలోల కారుతో ముందు గంటకు 35 కిలోమీటర్ల వేగంతోనూ, తర్వాత 50, 70, 100ల్లో ఆ రోడ్డుకి తగిన వేగంతోనూ గుద్దించి చూస్తారు. నెమ్మదిగా వచ్చే కారుతో పరీక్ష ఎందుకు అనిపించవచ్చు. వేగంగా వచ్చే కారు స్తంభాన్ని తేలిగ్గా తెంపుకుని పోతుంది, స్తంభం దాని వెనకే పడుతుంది. నెమ్మదిగా వచ్చిన కారుకి ఆ తెంపే బలం చాలకపోవచ్చు, తెగినా స్తంభం సరిగ్గా టాప్ మీదే కూలవచ్చు. ఈ రెండూ చూసి, గుద్దిన తర్వాత కారుకి ఎంత వేగం మిగిలిందన్నదాన్ని బట్టి స్తంభాలను మూడు రకాలుగా విడగొడతారు. కారుని చాలావరకు పట్టి ఆపేసేవి హెచ్‌ఈ, కొంత ఆపేవి ఎల్‌ఈ, అసలు ఆపకుండా దారి వదిలేసేవి ఎన్‌ఈ.

విదేశాల ఫొటోలు, వీడియోలు చూసి మనవాళ్లు ఎక్కువగా మెచ్చుకునేది ఆ మూడో రకాన్నే. తగలగానే తెగిపోయి కారుని పోనిచ్చేది. చూడ్డానికి అదే అన్నిటికంటే మెత్తనిది, లోపలి మనిషికి దెబ్బ తగలదు. విశాలమైన పొలాల మధ్య రోడ్డుకి అది సరైనదే.

మన కాలవ గట్టు మీద మాత్రం అది పనికిరాదండి. ఈ లేఖంతా రాస్తున్నది ఈ మాట కోసమే.

కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసిన 1852 నుంచీ ఈ ప్రాంతంలో కాలవ గట్టే రోడ్డయింది. కడియం, ద్వారపూడి మీదుగా సామర్లకోట వైపు పోయే కెనాల్ రోడ్డు తీసుకోండి, పశ్చిమాన పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల గట్టు రోడ్లు తీసుకోండి, కోనసీమలో ఏ లాకుల దగ్గరకైనా పొండి. తారు అంచు నుంచి నీటి అంచు దాకా మార్జిన్ రెండు మూడు మీటర్లు ఉంటే ఎక్కువ, స్తంభం పాతేది ఆ మార్జిన్‌లోనే. ఈఎన్ 12767 లెక్కలో గంటకు 70 కిలోమీటర్లతో పరీక్షించిన ఎన్‌ఈ స్తంభం అంటే, గుద్దిన తర్వాత కూడా కారుకి కనీసం 30 కిలోమీటర్ల వేగం మిగులుతుందని అర్థం, 60 కూడా మిగలవచ్చు. 50 మిగిలిందనుకున్నా సెకనుకి దాదాపు 14 మీటర్లు. రెండు మీటర్ల మార్జిన్‌ని నేరుగా దాటితే సెకనులో ఏడో వంతు పడుతుంది. బ్రేకు మీదకి కాలు వెళ్లే లోపే కారు నీళ్లలో ఉంటుంది. ఢీలో ఏ దెబ్బా తగలని కుటుంబం తలుపులు తెరుచుకోని కారులో మునిగిపోవడానికి మనమే ఏర్పాటు చేసినట్టవుతుంది. అదే హెచ్‌ఈ రకం అయితే, 50తో పరీక్షించినదాంట్లో మిగిలే వేగం సున్నా, 70తో పరీక్షించినదాంట్లో గంటకు 5 కిలోమీటర్లకు మించదు. ఆ స్తంభం తెగదు. మొదట్లో చదునుగా నలిగి కారు మూతికి చుట్టుకుని, పైభాగం వెనక్కి వంగుతూ, కారుని కొంచెం కొంచెంగా పట్టుకుని ఆపుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. స్తంభానికీ స్తంభానికీ మధ్య 30 మీటర్లు ఖాళీ ఉంటే, ఆ ఖాళీలోంచి పోయే కారుని ఏ స్తంభమూ ఆపదు. గట్టు మీద అసలు కావలసింది క్రాష్ బ్యారియర్, దానికి మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఐఆర్‌సీ 119 పేరుతో 2015 నుంచి ఉన్నాయి. కానీ బ్యారియర్ వేసినచోట కూడా స్తంభం సమస్య తీరిపోదు. ఉక్కు రేకు బ్యారియర్‌ని కారు తగిలితే అది మీటరుకు పైగా వెనక్కి వంగి కారుని మళ్లీ రోడ్డు మీదకి తిప్పుతుంది, ఆ వంగే దూరంలో గట్టి స్తంభం అడ్డుంటే బ్యారియర్ అక్కడ ముడుచుకుపోయి కారు స్తంభానికి చిక్కుకుంటుంది. గట్టు మీద చోటు తక్కువ కాబట్టి బ్యారియర్నీ స్తంభాన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరికించక తప్పదు. అలాంటి చోట ఏది ఎంత వంగుతుంది, కారు ఎక్కడ ఆగుతుంది అన్నది కంటితో చూసి, అనుభవంతో ఊహించి చెప్పగలిగే సంగతి కాదు.

అన్నిచోట్లా హెచ్‌ఈ వేయమని కూడా నేను అనడం లేదు. 216వ నంబరు జాతీయ రహదారి ఊళ్లను తప్పించుకుంటూ పొలాల మధ్య సాగే బైపాస్‌ల దగ్గర, పక్కన నేల చదునుగా, నీళ్లు లేకుండా ఉంటే, తెగిపోయే స్తంభమే మేలు. టౌన్లలో సెంట్రల్ లైటింగ్ పేరుతో డివైడర్ మీద వేసేవాటికి అది మళ్లీ తప్పు, ఎందుకంటే తెగిన 9 మీటర్ల స్తంభం ఎదురుగా వచ్చే బండ్ల మీద పడుతుంది. బడి దగ్గర, సంత దగ్గర, బస్టాపు దగ్గర అయితే పడే స్తంభం కింద మనుషులుంటారు. మలుపులో అయితే బండ్లు జారేది బయటి అంచుకి కాబట్టి స్తంభాలను లోపలి వైపుకి మార్చినా ప్రమాదం తగ్గుతుంది, దానికి సిమ్యులేషన్ కూడా అక్కర్లేదు.

మీరు మొదట అడగబోయేది తుఫాను గురించే అని తెలుసు. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో ఒక్క కొబ్బరి చెట్టు, ఒక్క కరెంటు స్తంభం నిటారుగా మిగలని ఊళ్లు ఎన్నో. అలాంటి చోట కారు తగిలితే పడిపోయే స్తంభం వేయమంటావా అంటారు. అడగాల్సిన ప్రశ్నే. కట్టడాల మీద పడే బలాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మన తీరానికి ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ గాలికి చదరపు మీటరుకి 1500 న్యూటన్ల ఒత్తిడి. 9 మీటర్ల ఎత్తు, సగటున 12 సెంటీమీటర్ల మందం ఉన్న స్తంభం మీద పడే మొత్తం తోపు దీపంతో కలిపినా ఒకటిన్నర, రెండు కిలోన్యూటన్ల దగ్గర, అంటే 150, 200 కిలోల బరువంత దగ్గర ఆగుతుంది. కారు తగిలితే పడేది దానికి పదులు, వందల రెట్లు. ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. గాలి బలం సగటున స్తంభం నడిమి ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి అడుగున అది వంపు బలం అవుతుంది, అంటే ఒక పక్క బోల్టుల్ని పైకి లాగుతుంది. కారు తగిలేది నేలకి అర మీటరు ఎత్తులో, అది అడుగుని పక్కకి కోసే బలం. స్లిప్ బేస్ చేసేదల్లా లాగే బలానికి గట్టిగా నిలబడి, కోసే బలానికి జారిపోవడమే. హెచ్‌ఈ స్తంభానికి ఈ గొడవ ఇంకా తక్కువ, ఎందుకంటే అది తెగాల్సిన పనే లేదు, నలగాలంతే. కాబట్టి తుఫానుకి నిలబడటం, కారుకి లొంగడం ఒకే స్తంభంలో కుదురుతాయి, కొలతలు జాగ్రత్తగా చూసుకోవాలి అంతే.

మన మట్టి మాత్రం నిజంగా తలనొప్పి. యూరప్‌లోనో అమెరికాలోనో పాసైన స్తంభం సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే సరిపోదు, ఎందుకంటే అక్కడ పరీక్ష బాగా కుదించిన కంకర మట్టిలోనో, కదలని కాంక్రీటు దిమ్మ మీదో జరిగి ఉంటుంది. మనది ఒండ్రు బంకమట్టి, నీటి మట్టం చాలాచోట్ల చేతికందే లోతులో. కారు తగలగానే పైన స్తంభం జారే బదులు కింద పునాది దిమ్మే మట్టిలో ఒరిగిపోతే, స్లిప్ పలకలు ఏటవాలుగా అయిపోయి పట్టేసుకుంటాయి, జారవు. హెచ్‌ఈ స్తంభమైతే దిమ్మతో సహా పెకలించుకుని కాలవలో పడుతుంది, కారుని ఎవరూ పట్టుకోరు. అదే గట్టు ఎండాకాలంలో కాలవలు కట్టేసిన నెలల్లో రాయిలా బిగుసుకుని ఉంటుంది, నీళ్లు వదిలాక మెత్తబడుతుంది. అంటే ఒకే స్తంభాన్ని రెండు రకాల మట్టిలో గుద్దించి చూడాలి. నిజం కార్లతో ఇవన్నీ చేయాలంటే ఎవరి బడ్జెట్టూ సరిపోదు, కంప్యూటర్లో అయితే మట్టి లక్షణాలు మార్చి రాత్రి రన్ పెట్టి పొద్దున్న చూసుకోవచ్చు. సిమ్యులేషన్ మన డెల్టాకి ఎక్కువ అవసరం అనడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

ఎలా చేస్తారో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతేనే కాంట్రాక్టరు తెచ్చిన రిపోర్టుని మీరు గట్టిగా ప్రశ్నించగలరు. కారు బాడీనీ, స్తంభాన్నీ, వెల్డింగునీ, బోల్టుల్నీ కొద్ది మిల్లీమీటర్ల చిన్న చిన్న పలకలుగా, దిమ్మలుగా విడగొడతాం. మంచి కారు మోడల్లో ఇవి 10 లక్షలకు పైనే ఉంటాయి. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది, 5 మిల్లీమీటర్ల పలకని దాటడానికి దానికి సెకనులో పది లక్షల వంతు పడుతుంది, లెక్క అంతకంటే పెద్ద అడుగు వేస్తే చెడిపోతుంది. అంటే 0.2 సెకన్ల ఢీ కోసం 2 లక్షల అడుగులు, స్తంభం పూర్తిగా కూలి నేల మీద పడేదాకా చూడాలంటే ఇంకా ఎన్నో రెట్లు. ఉక్కుని వేగంగా లాగితే నెమ్మదిగా లాగినప్పటికంటే గట్టిగా నిలబడుతుంది, ఆ గుణాన్ని కూడా పెట్టాలి. ఇదేమీ కొత్త విద్య కాదు. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ 1976లో రాసిన డైనా3డీ ప్రోగ్రామే తర్వాత ఎల్‌ఎస్-డైనా అయింది, కార్ల కంపెనీలన్నీ దానిమీదో దానిలాంటి దానిమీదో నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి లక్షలు పోయాలనే మాట కూడా ఇప్పుడు చెల్లదు. రాడియాస్ అనే ప్రోగ్రామ్ 2022లో ఓపెన్‌రాడియాస్ పేరుతో అందరికీ ఉచితమైంది. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు నిజం కార్లను భాగం భాగం విప్పి కొలిచి మోడళ్లు తయారుచేశారు, 2010 టొయోటా యారిస్ మోడల్ అలా బయటికి వచ్చిందే.

కానీ రంగురంగుల వీడియో చూపించి సంతకం పెట్టించుకునేవాళ్లు వస్తారు, జాగ్రత్తండి. వీడియో ఎంత అందంగా ఉన్నా లెక్క తప్పయి ఉండొచ్చు. ఎనర్జీ గ్రాఫ్ అడగండి. కారు తెచ్చిన శక్తి ఎంత, అందులో కారు నలగడానికి ఎంత పోయింది, స్తంభం వంగడానికి ఎంత, మట్టిలోకి ఎంత, మొత్తం మొదట్లో ఉన్నదానికి సరిపోయిందా, ఇవన్నీ చూడండి. మొత్తం పదో వంతు కంటే ఎక్కువ తేడా వస్తే వెనక్కి పంపేయండి. అవర్‌గ్లాస్ ఎనర్జీ అని ఒకటుంటుంది, పలకలు పిచ్చిగా వంకర్లు పోకుండా ప్రోగ్రామ్ తనంతట తాను కలిపే దొంగ శక్తి అది, మొదటి శక్తిలో 5 శాతం దాటితే ఆ రిపోర్టు నమ్మొద్దు. అన్నిటికంటే ముందు, ఇదే మోడల్ని ఏదైనా నిజం పరీక్షతో పోల్చారా అని అడగండి. మొత్తం కారుతోనే అక్కర్లేదు. ముందు భాగాన అల్యూమినియం తేనెపట్టు దిమ్మ కట్టిన బరువైన లోలకాన్ని ఊపి స్తంభం అడుక్కి కొట్టించి, బలం కొలిచే పరీక్ష అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. అలాంటి లోలకం మన దగ్గరే కట్టుకోవచ్చు. తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ ఉంది, కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది, సివిల్, మెకానికల్ పిల్లలు ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటున్నారు.

మోడళ్లలో మనకి లేనిది ఆటో. నేను పైన చెప్పిన ప్రమాణాల్లో ఆటోతో స్తంభాన్ని గుద్దించరు, ఎందుకంటే ఆ ప్రమాణాలు రాసిన దేశాల్లో ఆటోలు దాదాపు లేవు. మన గట్ల మీద తెల్లవారకముందే ఊడ్పులకీ, కోతలకీ, రొయ్యల ఫ్యాక్టరీలకీ ఆడవాళ్లని ఎక్కించుకుని పోయేది ఆటోలే. బరువు కారులో సగం కూడా ఉండదు, డ్రైవరు మోకాళ్ల ముందు పల్చని రేకు తప్ప నలగడానికి ఏమీ ఉండదు, వెనక కూర్చున్నవాళ్లకి బెల్టుండదు. 900 కిలోల కారుకి మెత్తగా లొంగిన స్తంభం 400 కిలోల ఆటోకి గోడలా నిలబడవచ్చు. ఒక పాత ఆటోని కొని, విప్పి, కొలిచి, మోడల్ చేసి అందరికీ ఉచితంగా ఇస్తే ఈ దేశం మొత్తానికి పనికొస్తుంది, ఆ పని గోదావరి జిల్లాల నుంచే మొదలవ్వాలని నా కోరిక.

టూవీలర్ల గురించి దాచకుండా చెప్పాలి. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. నేను ఇంతసేపూ చెప్పిన స్తంభాలేవీ వాళ్లని కాపాడవు. మనిషి శరీరం బరువుకి స్లిప్ బేస్ జారదు, హెచ్‌ఈ రేకు నలగదు. వాళ్లకి మేలు చేసేది స్తంభాలు తగ్గించడం, ఎడం పెంచడం, తారు అంచు నుంచి వీలైనంత దూరంగా జరపడం, బేస్ ప్లేటు మూలలూ బోల్టు మొనలూ పైకి పొడుచుకుని ఉండకుండా చూడటం, ఉన్న దీపం రాత్రంతా వెలిగేలా చూడటం. ఆరిపోయిన దీపంతో నిలబడ్డ స్తంభం వాళ్లకి చీకట్లో అడ్డు తప్ప ఇంకేమీ కాదు.

పల్లెల్లో ఇంకో చిక్కుంది. అక్కడ వీధి దీపం విడిగా ఉండదు, డిస్కం వాళ్ల సిమెంటు స్తంభానికే తగిలిస్తారు. దాన్ని తెగిపోయేలా చేయలేం, చేయకూడదు కూడా, కరెంటు తీగలు కారు మీద పడతాయి. ఒక స్తంభం పడితే తీగలు పక్క స్తంభాల్నీ లాగుతాయి. అలాంటివాటికి చేయగలిగింది చోటు మార్చడమే. మలుపుల్లో, వంతెన దిగేచోట, లాకుల దగ్గర, తారుకి ఆనుకుని ఉన్నవాటిని ముందు గుర్తించి జరపండి. కొత్తగా దీపాల కోసమే వేసే స్తంభాలకి మాత్రం కేబుల్ భూమిలోంచి వేసి, స్తంభం కదిలితే ఊడివచ్చే ప్లగ్గు, అడుగునే ట్రిప్ అయ్యే ఏర్పాటు పెట్టాలి. కాలవ గట్టు అంటే నీళ్లు పక్కనే ఉంటాయి, ఇది మర్చిపోకూడదు.

సముద్రం దగ్గర ఊళ్లకి తుప్పు ఇంకో శత్రువు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి జింకు పూత పోయి నేలకి తగిలేచోటే స్తంభం తినేసుకుపోతుంది. అప్పుడది ఎలా ప్రవర్తిస్తుందో ఏ సిమ్యులేషనూ చెప్పలేదు. స్లిప్ పలకలు తుప్పుతో అతుక్కుంటే జారవు, బోల్టుని మరీ బిగించినా జారవు, వదులైతే గాలికి మెల్లగా జరిగిపోతాయి. కాబట్టి స్లిప్ బేస్ వేస్తే ఏటా బోల్టు బిగువు కొలిచే టార్క్ రెంచితో చూసే మనిషి ఉండాలి. ఆ మనిషి ఉండడనుకుంటే సముద్రం పక్కన ఆ రకం వద్దు.

ఇవన్నీ టెండర్లో పెట్టడం కష్టమేమీ కాదు. మన ఆక్టాగోనల్ (ఎనిమిది పలకల) పోల్ స్పెసిఫికేషన్లలో గాలి లెక్కకి యూరప్ వాళ్ల స్తంభాల ప్రమాణం ఈఎన్ 40, ఉక్కుకి ఎస్355 రకం అని చాలాచోట్ల ఇప్పటికే రాస్తున్నారు. ఆ ఈఎన్ 40 వరుసలోనే వాహనం గుద్దే సంగతి వచ్చినచోట ఈఎన్ 12767ని చూడమని ఉంటుంది. గాలికి పేజీ తెచ్చుకుని కారుకి పేజీ వదిలేశాం. ఇంకో వరస చేర్చితే చాలు. మీరు వాడుతున్న 3 మిల్లీమీటర్ల రేకు స్తంభం ఇప్పటికే సగం దారిలో ఉందని నా నమ్మకం. అడుగు వెల్డింగు దగ్గర చిరక్కుండా ఉంటే అది బాగా నలిగి కారుని పట్టగలదు, చిరిగితే కారుని నీళ్లలోకి వదిలేస్తుంది. ఈ రెండిట్లో ఏది జరుగుతుందన్నది వెల్డు వివరం, బేస్ ప్లేటు మందం, దిమ్మ లోతు తేలుస్తాయి. మార్పు చిన్నదే కావచ్చు, కానీ ఏ మార్పో లెక్క చూడకుండా చెప్పలేం. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో అంగవైకల్యమో జరిగితే బాధ్యులైన అధికారులకీ కాంట్రాక్టర్లకీ లక్ష రూపాయల దాకా జరిమానా. కానీ టెండర్లో ఆ ప్రమాణమే రాయకపోతే ఎవరిని ఏమని అడుగుతాం?

మీలో చాలామంది నాకంటే బాగా చదువుకున్నవాళ్లు, వరదలప్పుడు ఏటిగట్ల మీద రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లు, మీ మీద నాకు గౌరవం. అందుకే అడిగి ఊరుకోకుండా నా వంతు కూడా చెబుతున్నాను. ఏదైనా ఒక గట్టు రోడ్డు ఎంచుకోండి, కడియం నుంచి ద్వారపూడి ముక్క అయితే నాకు ఇష్టం, ఎందుకంటే అక్కడ కాలవా, మలుపులూ, ఊళ్లూ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మీరు వేయబోయే స్తంభం డ్రాయింగు, దిమ్మ కొలతలు, గట్టు అడ్డకోత, ఒక్క మట్టి రిపోర్టు ఇవ్వండి. కారుతో 35లో ఒకసారి, 70లో ఒకసారి, తడి మట్టిలోనూ పొడి మట్టిలోనూ నేనే చేసి, ఎనర్జీ గ్రాఫులతో సహా తెలుగులోనే రిపోర్టు రాసిస్తాను, పైసా అక్కర్లేదు. ఫైళ్లన్నీ మీ కాలేజీ పిల్లలకీ ఇచ్చేస్తాను, వాళ్లు తిరిగి రన్ చేసి నా లెక్క సరిచూడనివ్వండి. తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుందాం, తేడా రాకపోతే ఆ స్తంభానికే టెండర్ పిలవండి.

ఇట్లు,
కోనసీమకు చెందిన ఒక క్రాష్ సిమ్యులేషన్ ఇంజినీరు